ఆ తెల్లవారుజామున మేము దాచిన మాట

రెండు వేల ఇరవైలో రమజాను మాసం ఏప్రిల్ 25న ప్రారంభమైంది. మస్జిదుల తలుపులు మూతపడి ఉన్నాయి. తరావీహ్ నమాజులు ఇళ్ళలోనే జరిగాయి. మా పామూరు మద్రసాలో విద్యార్థులను మార్చి నెలలోనే ఇళ్ళకు పంపివేశాము. ఖాళీ గదులు, చుట్టి గోడకు నిలబెట్టిన చాపలు, అప్పుడప్పుడు పోలీసు జీపు మైకులో హెచ్చరికలు. ఇవి తప్ప ఆ రోజుల్లో మాకు వేరే లోకం లేదు. అటువంటి రోజుల్లో ఒక గృహిణి, ముసుగు సవరించుకుంటూ, మద్రసా గుమ్మం వద్దకు వచ్చి నిలబడింది.

ఆమె భర్త పరుపులు కుట్టే సోదరుడు. దూది ఏకి, పరుపులో నింపి, పొడవాటి సూదితో రోజంతా వంగి కుట్టే పని. ఆపై మా ప్రాంతపు నీరు ఎటువంటిదో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. కనిగిరి, పామూరు పరిసరాల్లో ఫ్లోరైడు నీటి మూలంగా నలభై ఏళ్ళకే మోకాళ్ళు, నడుము పట్టివేసేవారు ఇంటికొకరు కనిపిస్తారు. ఆ సోదరునికి కూడా నడుము నొప్పి మొదలైంది. ఎవరో నొప్పి బిళ్ళ ఇచ్చారు, తగ్గింది. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఆ బిళ్ళ పేరు ట్రమడాల్ అనీ, అది నల్లమందు జాతికి చెందినదనీ, 2018లోనే కేంద్ర ప్రభుత్వం దానిని మత్తుమందుల చట్టం పరిధిలోకి తెచ్చిందనీ అప్పటికి ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. నొప్పికి వేసుకునే బిళ్ళ మత్తుమందు ఎలా అవుతుంది?

లాక్‌డౌన్‌తో బిళ్ళలు ఆయనకు అందకుండా పోయాయి. రెండు రోజులకే ముక్కు కారడం, ఎడతెగని ఆవులింతలు, ఒళ్ళంతా నొప్పులు, చెమటలు, విరేచనాలు, రాత్రి కంటిమీద కునుకు లేకపోవడం మొదలయ్యాయి. ఇంటివారు కరోనా అని హడలిపోయారు. వాలంటీరు ఇంటింటి సర్వేకు వచ్చినప్పుడు వెనుక గదిలో దాచివేశారు. క్వారంటైనుకు తీసుకుపోతే తిరిగి వస్తాడో రాడో అని ఆ తల్లి భయం. మూడవ రోజున ఆమె కోడలిని మా వద్దకు పంపింది.

"మౌల్సాబు, గాలి సోకిందేమోనని మా అత్త అంటోంది. నీళ్ళు ఊది ఇవ్వండి" అని సీసా మెట్టు మీద పెట్టి ఆమె దూరంగా జరిగింది. తరువాత కొంగు ముడి విప్పి, ఖాళీ అయిన బిళ్ళల పట్టీలు రెండు చూపింది. "ఇవి లేకపోయినప్పటి నుంచే ఇట్లా ఉన్నాడు."

అంటే ఆమెకు కారణం తెలుసు. కొంగున కట్టుకుని మరీ తెచ్చింది. మేమే వాటిని చూసీ చూడనట్లు ఊరుకున్నాము. నీళ్ళపై సూరహ్ ఫాతిహా పఠించి ఇచ్చాము. రమజాను సహనమాసమనీ, ఉపవాసం డాలువంటిదనీ, ఈ నెలలో ఆ అలవాటును ఒక్కసారిగా విడిచిపెట్టి తౌబా చేసుకోమని చెప్పమనీ అన్నాము. దుఆలో, ఖుర్ఆన్ పఠనంలో షిఫా ఉన్నదన్న విశ్వాసంలో మాకు ఆనాడూ సందేహం లేదు, ఈనాడూ లేదు. కాని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి అనే మాట కూడా మా నోట రావలసి ఉండగా, అది రాలేదు.

ఆయన నిజంగానే నిలదొక్కుకున్నాడు. పది పన్నెండు రోజులకు ముఖం తేటపడింది. ఉపవాసాలు పాటించసాగాడు. మా సంతోషానికి హద్దు లేకపోయింది. విద్యార్థుల తల్లిదండ్రులకు వాట్సాప్‌లో ప్రతిరోజూ పంపే ప్రసంగంలో, పేరు చెప్పకుండా, ఒక సోదరుడు రమజాను శుభంతో వ్యసనాన్ని ఎలా జయించాడో వర్ణించాము. పేరు చెప్పకపోయినా ఊరు చిన్నది. అందరికీ తెలిసిపోయింది. ఆయనకు అభినందనలు అందాయి. మాకు కూడా కొన్ని అందాయి, వాటిని మేము కాదనలేదు.

మే మూడవ వారానికి రాకపోకలు కొంత సడలాయి. చివరి పది రాత్రులలో ఒక రాత్రి, సహరీ వేళ, మా ఫోను మోగింది. ఆమె గొంతు. "మౌల్సాబు, లేవడం లేదు."

మేము వెళ్ళేసరికి వీధిలోని వారు తమ తమ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ గడప దాటలేదు. వారిని నిందించే అర్హత మాకు లేదు. మేము సైతం ముక్కుకు రుమాలు కట్టుకుని వాకిట్లోనే ఆగిపోయాము. లోపల చాప మీద ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. రాత్రంతా గురక పెట్టాడట. ఎన్నో రాత్రుల తరువాత కమ్మగా నిద్రపోతున్నాడు, లేపవద్దని తల్లి అన్నదట. ఆ గురక నిద్రలోని గురక కాదని, నాలుక వెనక్కి జారి ఊపిరి గొంతులో అడ్డుపడుతున్న చప్పుడని తరువాత వైద్యుడు చెప్పగా తెలుసుకున్నాము. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. ఒక శ్వాసకూ మరొక శ్వాసకూ మధ్య మేము మనసులో లెక్కపెట్టాము. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అప్పుడు ఛాతీ కదిలింది.

108 వాహనం వచ్చింది. అందులోని ఇద్దరు యువకులు ఆపాదమస్తకం తెల్లని దుస్తుల్లో ఉన్నారు. అటువంటి దుస్తుల్లో మనుషులను మేము అదే మొదటిసారి చూడటం. వారిలో ఒకరు ఏమాత్రం సంకోచించకుండా మోకాళ్ళపై కూర్చుని, తలను వెనక్కి వంచి, ముక్కూ నోరూ మూసే ముసుగు అమర్చి, గాలితిత్తి నొక్కసాగాడు. వాకిట్లో ఉన్న మమ్మల్ని చూసి, "పెద్దాయనా, ఏమన్నా మింగాడా? బిళ్ళలు, మందు, ఏదైనా సరే, చెప్పండి" అని అడిగాడు.

ఆమె మూసిన పిడికిలిలో ఖాళీ పట్టీ ఉన్నది. దాని వెండి అంచు మాకు కనిపించింది. ఆమె మా వైపు చూసింది.

మేము తల అడ్డంగా ఊపాము.

"జ్వరం" అన్నది ఆమె.

దీనికి మేము ఆ క్షణాన మాకు మేము చెప్పుకున్న కారణం సత్ర్. సాటి ముస్లిము లోపాన్ని కప్పి ఉంచడం. అది గొప్ప గుణమే. పాఠంలో ఎన్నోసార్లు బోధించాము. పవిత్ర మాసంలో, వీధివీధంతా చూస్తుండగా, ఒక ఉపవాసి మత్తుబిళ్ళలు మింగాడని ఎలా చెప్పడం? పోలీసు కేసు అవుతుందన్న భయమూ ఉన్నది. కాని, అల్లాహ్ మా అంతరంగాన్ని ఎరుగును గనుక ఇక్కడ దాచి ప్రయోజనం లేదు. మేము కప్పదలచినది ఆయన లోపాన్ని మాత్రమే కాదు. వాట్సాప్‌లో మేము పంపిన ఆ ప్రసంగాన్ని కూడా.

కనిగిరి దారిలో ఆసుపత్రికి చేర్చారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం. వారి తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఊపిరి ఆడని ప్రతి మనిషీ కరోనా అనుమానితుడే. జ్వరం అని ఇంటివారే చెప్పారు. ఆయనను విడిగా ఒక గదిలో ఉంచి, ప్రాణవాయువు పెట్టి, ముక్కులో నుంచి నమూనా తీసి ఫలితం కోసం వేచి ఉన్నారు. కళ్ళద్దాలపై ఆవిరి పట్టి తమ చేతులే తమకు సరిగా కనిపించని స్థితిలో ఆ వైద్య సిబ్బంది పనిచేస్తున్నారు. బావమరిదిని గేటు బయటే నిలిపివేశారు.

మేము ఇంట్లో ఫజ్ర్ నమాజు ముగించి జానిమాజు మీదనే కూర్చుండిపోయాము. తస్బీహ్ చేతిలో ఉన్నది, వేళ్ళు కదలడం లేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది, మేము ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఒక హదీసు. అబూదావూద్ గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన సంఘటన. ప్రయాణంలో ఒక మనిషి తలకు రాయి తగిలి గాయమైంది. స్నానం విధి అయిన స్థితి కలిగింది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని సహచరులను అడిగాడు. నీరు ఉండగా వీలుకాదన్నారు వారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతడిని చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసింది కదా అన్నారు. తయమ్ముమ్ అధ్యాయంలో ఈ హదీసు వస్తుంది గనుక మేము దీనిని ఎప్పుడూ తయమ్ముమ్ మసాయిల్ కిందనే బోధించాము. గాయానికి కట్టు కట్టి దానిపై మసహ్ ఎలా చేయాలో వివరించి తరువాతి పుట తిప్పేవారము. ఆ మనిషి మరణించాడన్న సంగతి మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఐదున్నర దాటిన తరువాత బావమరిదికి ఫోను చేశాము. "బిళ్ళలు మింగాడని డాక్టరుకు చెప్పు. పట్టీ ఆమె దగ్గర ఉన్నది, పేరు చదివించు. మేము చెప్పామని చెప్పు" అన్నాము. అతడు గేటు వద్ద కేకలు వేసి, వారితో వీరితో చెప్పి, చివరకు ఒక నర్సు ఆ మాట లోపలికి చేరవేసింది. వైద్యుడు వెంటనే వచ్చి కనురెప్ప ఎత్తి చూశారట. కనుపాప సూదిమొనంత ఉన్నది. అది నల్లమందు జాతి మందుల ముద్ర. నలోక్సోన్ అనే సూదిమందు వేశారు. మెదడులో మత్తుమందు అంటిపెట్టుకున్న చోటు నుంచి దానిని నెట్టివేసే విరుగుడు అది. ట్రమడాల్ విషయంలో అది పూర్తిగా పనిచేయదనీ, ఈ బిళ్ళ ఎక్కువైతే మూర్ఛలు కూడా రావచ్చుననీ, అందుచేత కనిపెట్టుకుని ఉండాలనీ ఆయన చెప్పారు. నిమిషాల్లోనే ఆ సోదరుడు కళ్ళు తెరిచాడు. ఇంటివారు అల్‌హమ్దులిల్లాహ్ అని అప్పుడే తీసుకుపోతామన్నారు. వైద్యుడు ససేమిరా ఒప్పుకోలేదు. విరుగుడు ఒక గంటో గంటన్నరో మాత్రమే నిలుస్తుంది, మింగిన మందు అంతకన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. ఆయన అన్నట్లే అయింది. గంట గడిచేసరికి మళ్ళీ కళ్ళు వాలిపోయాయి, మళ్ళీ సూది వేయవలసి వచ్చింది. రెండు రోజుల తరువాత ఇంటికి పంపారు. కరోనా పరీక్షలో ఏమీ తేలలేదు.

ఆ వైద్యుడు మాతో ఫోనులో మాట్లాడిన మాటలు కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము, ఎందుకంటే అవి మా వద్దనే ఉండిపోతే అది మరొక దాపరికం అవుతుంది. బిళ్ళ లేక అల్లాడిన ఆ మూడు రోజులు చూడటానికి భయంకరమే, కాని అసలు ప్రమాదం ఆ తరువాత ఉన్నదట. కొన్ని వారాలు మానివేస్తే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. మనిషికి ఆ సంగతి తెలియదు. తిరిగి దొరికిన రోజున పాత లెక్కనే మింగుతాడు. అప్పుడు ఊపిరి తీసుకోవలసిన సంగతిని మెదడే మరచిపోతుంది. అంటే మేము విజయమని ఊరంతా చాటిన ఆ పన్నెండు రోజులే ఆయనను ఈ ప్రమాదపు అంచుకు తెచ్చాయి. చికిత్స లేకుండా, పర్యవేక్షణ లేకుండా, ఒక్కసారిగా మానిపించింది మేము.

అదే సంవత్సరం జూలై 31, శుక్రవారం. అరఫా దినం. మేము ఉపవాసంతో ఉన్నాము, మరునాడు బక్రీదు. మా జిల్లాలోని కురిచేడు నుంచి వార్త వచ్చింది. కరోనా కట్టడి మూలంగా అక్కడ మద్యం దుకాణాలు మూతపడగా, తాగుడుకు బానిసలైనవారు చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరును నీటిలో, కూల్‌డ్రింకులో కలుపుకుని తాగారు. పది మందికి పైగా మరణించారు. వారిలో బిచ్చమెత్తుకుని బ్రతికేవారు ఉన్నారు, కూలీలు ఉన్నారు. ఆ సాయంత్రం ఇఫ్తార్ వేళ ఫోనుల్లో సాగిన వ్యాఖ్యలు విన్నాము. తాగుబోతులకు తగిన శాస్తి జరిగిందన్నారు. రెండు నెలల క్రితమైతే మేము కూడా ఆ మాట అనకపోయినా, అన్నవారిని వారించేవారము కాము.

దైవప్రవక్త (సఅసం) కాలంలో అబ్దుల్లాహ్ అనే సహచరుడు ఉండేవారు. మద్యం తాగినందుకు ఆయన మళ్ళీ మళ్ళీ శిక్ష పొందారు. ఒకసారి ఎవరో ఆయనను శపించబోగా దైవప్రవక్త (సఅసం) వారించారు. ఆయన అల్లాహ్‌నూ, అల్లాహ్ ప్రవక్తనూ ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. సహీహ్ బుఖారీలో ఉన్న సంఘటన ఇది. శిక్ష ఆగలేదు, హరామ్ హలాల్ కాలేదు. కాని ఆ మనిషిని సమాజం నుంచి వెలివేయనివ్వలేదు.

ఆ సంవత్సరం ప్రభుత్వాలకూ ఈ విషయంలో దారి తోచలేదు. మద్యం ఒక్కసారిగా ఆగిపోవడంతో వణుకు, మూర్ఛలు, పిచ్చిచూపులతో వచ్చినవారి తాకిడి హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి లాక్‌డౌను మొదటి వారంలోనే పెరిగిపోయింది. కేరళ ప్రభుత్వం వైద్యుని చీటీ ఉన్నవారికి మద్యం ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది. వైద్యులు తామే అభ్యంతరం చెప్పారు. ఏప్రిల్ 2న అక్కడి హైకోర్టు దానిని నిలిపివేసింది. మన రాష్ట్రంలో మే 4న దుకాణాలు తెరిచి ధరలు మొత్తం మీద 75 శాతం పెంచారు. అమెరికాలో మత్తుమందులు మోతాదు మించి మరణించినవారు 2021 ఏప్రిల్‌తో ముగిసిన పన్నెండు నెలల్లో లక్ష దాటారు. ఒంటరిగా ఉన్నప్పుడు మింగినవాని ఊపిరి ఆగితే చూసేవారెవరు? ఆ దేశంలో ఈ నలోక్సోన్ మందును ముక్కులో కొట్టే తుంపర రూపంలో ఇంటివారికే ఇస్తారట. పక్కన ఉండే అవకాశం గలవారికి ఈ మందు అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సూచించింది. మన వద్ద అది ఆసుపత్రి బీరువాలోని సూదిమందే. కాబట్టి మనకు ఆసుపత్రికి చేర్చడమూ, చేర్చినవారికి నిజం చెప్పడమూ తప్ప వేరే దారి లేదు.

ఆ సోదరుని చికిత్స సులభంగా సాగలేదు. పెద్ద ఆసుపత్రిలోని వ్యసన విముక్తి విభాగంలో చూపించాము. మళ్ళీ బిళ్ళలే ఇచ్చారు. లెక్క ప్రకారం, వారానికి ఇంత అని తగ్గిస్తూ, భార్య చేతిలో పెట్టి. మందు ఇంటికే ఇవ్వడం కరోనా రోజుల్లో చాలాచోట్ల జరిగింది, రోజూ వచ్చి పోయే వీలు లేక. దీని మీద ఊరిలో గొడవ లేచింది. మౌల్సాబే మత్తుబిళ్ళలు ఇప్పిస్తున్నాడన్నారు. మాకూ మనసులో ఆ శంక లేకపోలేదు. మత్తు కలిగించేది, శరీరాన్ని సడలించేది రెండూ నిషిద్ధమని ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖనం ఉన్నది కదా.

కితాబులు తిరగవేశాము. ఫిఖ్హ్ అభ్యసించే రోజుల్లో చదివిన పుటనే మళ్ళీ కంటపడింది. దమస్కసు పండితులు ఇబ్నె ఆబిదీన్ షామీ (మరణం హిజ్రీ 1252) తమ రద్దుల్ ముహ్తార్‌లో, తమకన్నా మూడు శతాబ్దాల ముందటి ఇబ్నె హజర్ మక్కీ వారిని అడిగిన ప్రశ్న ఒకటి ఉదహరించారు. నల్లమందుకు అలవాటుపడి, అది లేకపోతే ప్రాణమే పోయే స్థితికి చేరినవాడు ఏమి చేయాలి? ప్రాణహాని నిశ్చయంగా తెలిసినట్లయితే ప్రాణం నిలుపుకునేందుకు అది అతనికి అనుమతమే కాదు, విధి కూడా అవుతుందనీ, అయితే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవడం కూడా అతనిపై విధి అనీ, శరీరానికి తెలియకుండా మానిపోయేవరకు తగ్గించాలనీ ఆయన సమాధానమిచ్చారు. హనఫీ సూత్రాలు దీనికి విరుద్ధం కావన్న మాట కూడా అక్కడే ఉన్నది. నాలుగున్నర శతాబ్దాల నాడు ఒక ముఫ్తీ వ్రాసినదీ, వ్యసన విముక్తి విభాగంలో ఒక యువ వైద్యురాలు మాకు చీటీ వెనుక గీతలు గీసి వివరించినదీ ఒకే మాట. మేము పరీక్ష కోసం చదివి, ఉత్తీర్ణులమై, మరచిపోయాము.

పోలీసు భయం సంగతి కూడా చెప్పాలి. మత్తుమందుల చట్టంలోనే 64ఏ అనే సెక్షను ఉన్నది. వాడకమే నేరంగా మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడి దానిని పూర్తి చేస్తే, విచారణ నుంచి అతనికి రక్షణ కల్పించే సెక్షను అది. మొదటి అడుగు వేయడానికి 14446 నంబరు ఉన్నది. ఫోనుకు రుసుము లేదు. ఈ నంబరును మేము మద్రసా నోటీసు బోర్డు మీద, సెలవుల జాబితా పక్కన అంటించాము. ఒకరిద్దరు పెద్దలకు అది నచ్చలేదు. మద్రసా గోడ మీద ఇదేమిటన్నారు. మేము తీయలేదు.

ఇప్పుడు ఆ సోదరుడు బిళ్ళలు లేకుండానే ఉన్నాడు. మధ్యలో ఒకసారి జారాడు, మళ్ళీ వెళ్ళాడు. నడుము నొప్పి మాత్రం పోలేదు. పరుపుల పని తగ్గించి దుప్పట్లు కుడుతున్నాడు. ఆయన భార్య ఇప్పటికీ రాత్రివేళ లేచి, గురక వినబడితే దీపం వేసి పెదవుల రంగు చూస్తుందట.

గత శీతకాలంలో మద్రసా విద్యార్థులకు బొంతలు కుట్టడానికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆ రోజు మేము సాహసించి అంతా చెప్పాము. ఆమె పిడికిలి, మేము తల ఊపడం, ఫజ్ర్ తరువాత ఫోను. ఆమె ఆయనకు ఆ సంగతి ఏనాడూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. మేము మన్నింపు కోరాము.

ఆయన సూదిలోని దారం పూర్తిగా లాగి ముడి వేశాడు. "బండి వచ్చింది ఎన్ని గంటలకు మౌల్సాబు?" అని అడిగాడు.

"మూడున్నర అయి ఉంటుంది."

"ఫోను చేసింది?"

"ఐదున్నర దాటింది."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత బొంత రెండవ అంచు మా చేతికి ఇచ్చి, "ఇటు కాస్త బిగించి పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాము.